ఉస్తాదులకు ఉస్తాద్ డాక్టర్ జాకిర్ హుసేన్ గారు

రాష్ట్రపతిగా డాక్టర్ జాకిర్ హుసేన్ గారిని ఎరుగనివారు లేరు. ఆయన పుట్టింది మన హైదరాబాదులోనే అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. 1897 ఫిబ్రవరి 8న జన్మించారు. పూర్వీకులది ఉత్తరప్రదేశ్‌లోని కాయంగంజ్. తండ్రిగారు ఫిదా హుసేన్ ఖాన్ హైదరాబాదులో వకీలు. పదేళ్ళకే తండ్రి పోతే కుటుంబం కాయంగంజ్ చేరింది. ఇటావాలో హైస్కూలు, తరువాత అలీగఢ్ కాలేజీ.

ఆయన పదవుల గురించి వ్రాసినవారు ఎందరో ఉన్నారు. పంతుళ్ళను తయారుచేయడానికి ఆయన పడిన పాట్లు ఇక్కడ చెప్పుకుందాం.

1920లో సహాయనిరాకరణ పిలుపు వచ్చింది. సర్కారు సొమ్ముతో నడిచే కాలేజీ వద్దని బయటికి వచ్చిన అలీగఢ్ విద్యార్థులలో ఈయన ఒకరు. ఆ అక్టోబరులోనే జామియా మిల్లియా పుట్టింది. బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొంది తిరిగివచ్చి, 1926లో 29 ఏళ్ళ వయస్సులో దాని బాధ్యత నెత్తిన వేసుకున్నారు. అప్పటికి జామియా ఢిల్లీకి మారింది. ఖిలాఫత్ ఉద్యమం చల్లబడి చందాలు ఆగిపోయినవి. నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా 20 ఏళ్ళు పనిచేస్తామని ఈయన, తోటి ఉపాధ్యాయులు ప్రమాణం చేశారు. ఆ జీతమైనా సరిగా అందేది కాదు!

1937 ఎన్నికల తరువాత అనేక రాష్ట్రాలలో కాంగ్రెసు మంత్రివర్గాలు వచ్చినవి. అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యా మహాసభ పిలిచి, చేతిపని ద్వారా చదువు చెప్పే పథకానికి రూపం ఇమ్మని జాకిర్ హుసేన్ గారి అధ్యక్షతన సంఘం వేశారు. డిసెంబరు మొదట్లోనే నివేదిక సిద్ధమైంది. ఏడేళ్ళ ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, నడుమ ఒక చేతిపని. పిల్లల పని అమ్మి ఖర్చు రాబట్టాలన్న ఆత్రంలో చదువు మరుగున పడే ప్రమాదం ఉందని ఆ నివేదికే హెచ్చరించింది. నిజమే కదా, శిక్షణ లేని పంతులు చేతికి రాట్నమిస్తే అతడు మేస్త్రీ అవుతాడు, పిల్లవాడు కూలీ అవుతాడు. అందుకే ఉపాధ్యాయులకు మూడేళ్ళ పూర్తి శిక్షణ కావాలన్నారు. మంత్రుల తొందర చూసి కాబోలు, ఒక ఏడాది పొట్టి కోర్సు కూడా వ్రాశారు. 1938లో జామియాలోనే ఉస్తాదోఁ కా మదరసా, అంటే ఉపాధ్యాయుల పాఠశాల, తెరిచారు.

ఇక రాజకీయం చూడండి. పథకంలో మతబోధ లేదని, కాంగ్రెసు భావాలే నేర్పుతారని ముస్లింలీగు ఎదిరించింది. మధ్యరాష్ట్రంలో బడులకు విద్యామందిరాలని పేరు పెట్టడంతో మనవారి అనుమానం ఇంకా పెరిగింది. రెండు పథకాలూ ఒకటి కాకపోయినా నింద పడ్డది మాత్రం జాకిర్ సాహెబ్ మీద. మతబోధ గురించి తల్లిదండ్రులు అడిగింది సబబే. దానికి జవాబు బడి స్థాయిలో వెతకవలసింది, సభావేదికల మీద కాదు.

1939లో యుద్ధం వచ్చింది, మంత్రివర్గాలు రాజీనామా చేసినవి. మూడేళ్ళ శిక్షణ పూర్తిచేసిన ఒక్క జట్టైనా బయటికి రాకముందే పథకం దిక్కులేనిదైంది. 1941లో ఒరిస్సా ప్రభుత్వం దానికి స్వస్తి చెప్పింది. బీహారులో చంపారన్ బడులు మాత్రం నిలిచినవి. జామియా సర్కారు గ్రాంటు మీద బ్రతికేది కాదు కనుక దాని ఉపాధ్యాయుల పాఠశాల మూతపడలేదు.

స్వాతంత్ర్యం తరువాత బేసిక్ విద్య ప్రభుత్వ విధానమైంది. మన వైపు కూడా బేసిక్ ట్రైనింగ్ స్కూళ్ళు వెలిసినవి. ఇక్కడే చిక్కు. బోర్డు మారింది, తకిలీ వచ్చింది, పాఠం చెప్పే తీరు చాలాచోట్ల పాతదే. జాకిర్ హుసేన్ గారు 1948 నుండి 1956 వరకు అలీగఢ్ ఉపకులపతి. 1957లో బీహారు గవర్నరు. ఆ పదవిలో ఉండి కూడా 1958 నాటి పటేల్ స్మారక ఉపన్యాసాలలో, తన పథకం పేరున జరుగుతున్నది అసలు పథకం కాదని నిర్మొహమాటంగా చెప్పేశారు. ప్రభుత్వంలో ఉన్నవారు అంతమాట అనడం అరుదు.

1962లో ఉపరాష్ట్రపతి, 1967లో రాష్ట్రపతి. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. జామియా ఆవరణలోనే ఖననం చేశారు. ఆయన 1938లో తెరిచిన ఉపాధ్యాయుల పాఠశాల పెరిగి పెద్దదై, ఈనాటికీ అదే జామియాలో విద్యాశాఖగా పంతుళ్ళను తయారుచేస్తూ ఉంది.