హ్యూయన్ త్సాంగు

పూర్వకాలమున దూరదేశములకు తీర్థయాత్ర చేయుట మాటలతో జరుగు పని కాదు. బాటలు మిక్కిలి యరుదు. ఉన్న బాటలును వానకు బురదయై, ఎండకు దుమ్మై, మంచునకు మూసికొనిపోవుచుండెడివి. బయలుదేరినవాడు తిరిగి వచ్చునను నమ్మకము ఇంటివారికి గాని, అతనికి గాని ఉండెడిది కాదు. అట్టి కాలమున చైనాదేశమునుండి బయలుదేరి, ఎడారులను, మంచుకొండలను, మహానదులను దాటి, భారతదేశము నలుమూలలు తిరిగి, పదునారేండ్లకు స్వదేశము చేరిన మహాయాత్రికుడు హ్యూయన్ త్సాంగు. అతడు ధనము కొరకు గాని, రాజ్యము కొరకు గాని రాలేదు. గ్రంథముల కొరకు వచ్చెను.

హ్యూయన్ త్సాంగు క్రీ.శ. 602 ప్రాంతమున చైనాలోని లోయాంగ్ నగర సమీపమున జన్మించెను. తండ్రి పండితుడు. నలుగురు కుమారులలో ఇతడు కడపటివాడు. రెండవ యన్న బౌద్ధభిక్షువై లోయాంగ్ నగరమునందలి విహారమున నుండెను. బాలుడగు హ్యూయన్ త్సాంగు కూడ ఆయనను వెంబడించి, పదుమూడేండ్ల ప్రాయముననే సంఘమున చేరెను. ఇంతలో దేశమున రాజ్యవిప్లవము చెలరేగెను. కరవును, దోపిళ్లును ప్రబలెను. అన్నదమ్ములిద్దరును లోయాంగ్ విడిచి, చాంగాన్ మీదుగా పడమటి కొండసీమకు పోయిరి. అచ్చట 622లో హ్యూయన్ త్సాంగు సంపూర్ణ భిక్షుదీక్ష గైకొనెను.

పిమ్మట అతడు ఊరూర తిరిగి గొప్ప గురువుల నాశ్రయించి చదువసాగెను. చదివినకొలది సంశయములు పెరిగినవి కాని తీరలేదు. ఒకే విషయమును ఒక గురువు ఒక విధముగను, మరియొక గురువు మరియొక విధముగను చెప్పుచుండిరి. చైనాభాషలోనికి వచ్చిన అనువాదములు కొన్ని యసంపూర్ణములు, కొన్ని పరస్పర విరుద్ధములు. మూలగ్రంథములను చూచిన గాని సత్యము తెలియదని అతడు నిశ్చయించుకొనెను. అతనికి రెండువందల యేండ్లకు పూర్వమే ఫాహియాన్ అను భిక్షువు ఆ పని మీద భారతదేశమునకు పోయి వచ్చియుండెను. ఆ దారినే తానును పోవలెనని అతడు సంకల్పించెను.

కాని చక్రవర్తి యగు తాయ్ త్సుంగ్ ప్రజలెవ్వరును ఎల్లలు దాటరాదని శాసించియుండెను. హ్యూయన్ త్సాంగు అనుమతి కోరెను; అది లభింపలేదు. వెంట రాదలచినవారు వెనుకకు తగ్గిరి. అతడు తగ్గలేదు. 629లో చాంగాన్ వదలి, పగలు దాగి, రాత్రులు నడచి సరిహద్దు చేరెను. అతనిని పట్టుకొనవలెనని ఆజ్ఞాపత్రములు అతనికంటె ముందుగా పోయెను. అయినను అతని సంకల్పమును విని గౌరవించిన యధికారులు కొందరు చూచియు చూడనట్లు విడిచిపెట్టిరి. దారి చూపుటకై వచ్చిన వాడు ఒక రాత్రి కత్తి దూసి సమీపించి, మనసు మార్చుకొని, మరునాడు విడిచిపోయెను. అప్పటినుండి అతనికి తోడు ఒక ముసలి యెఱ్ఱగుఱ్ఱము మాత్రమే.

ఎదుట వందల మైళ్ల ఎడారి. పక్షి లేదు, పశువు లేదు, గడ్డిపరక లేదు. దారి గుర్తులు ఎముకలును, ఒంటెపేడయు మాత్రమే. అచ్చట అతడు త్రాగబోయిన నీటితిత్తి చేజారి నేలబడి, ఉన్న నీరంతయు ఇసుకలో ఇంకిపోయెను. వెనుకకు మరలి కొంత దూరము నడచెను. అంతలో తన ప్రతిజ్ఞ జ్ఞప్తికి వచ్చినది. తూర్పునకు మరలి బ్రతుకుటకంటె పడమటికి పోవుచు చచ్చుట మేలని తలచి, గుఱ్ఱమును మరల త్రిప్పెను. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు నీటిచుక్క లేక గడిచెను. అయిదవ రాత్రి చల్లగాలి వీచెను. ఆ ముసలిగుఱ్ఱము తనంతట తాను దారి మార్చి, పచ్చికగల యొక నీటిమడువు చేరి, యజమాని ప్రాణములు కాపాడెను.

ఎడారి దాటిన పిమ్మట తుర్ఫాన్ సీమయందలి కావోచాంగ్ రాజు అతనికి ఘనస్వాగత మిచ్చెను. ఆ రాజునకు అతనిపై ఎంత భక్తి కుదిరెననగా, తన రాజ్యము విడిచి పోనీయనని పట్టుపట్టెను. హ్యూయన్ త్సాంగు అన్నపానములు మానెను. నాలుగవ దినమున అతని యూపిరి సన్నగిల్లుట చూచి రాజు భయపడి, క్షమింపుమని వేడుకొని, ప్రయాణమున కంగీకరించెను. గుఱ్ఱములను, సేవకులను, బంగారమును, దారిలోని రాజులకు జాబులను ఇచ్చి పంపెను. మరలి వచ్చునపుడు మూడేండ్లు తనకడ నుండవలెనని మాత్రము కోరెను. హ్యూయన్ త్సాంగు మాట యిచ్చెను.

కూచా రాజ్యము చేరునప్పటికి ముందున్న కొండదారులు మంచుతో మూసికొనియుండెను. రెండు నెలలకు పైగా అచ్చట వేచి, పిమ్మట ఎక్కసాగిరి. మంచు కరగని కొండలవి. మేఘములకును, మంచుగడ్డలకును భేదము కానరాకుండెను. మంచుతోడి గాలివాన ఎప్పుడు వచ్చునో ఎవరికిని తెలియదు. రెండు చెప్పులు వేసికొని, రెండు తోలువస్త్రములు కప్పుకొన్నను చలి ఆగలేదు. పొడినేల కానరాకుండుటచే కుండలను వ్రేలాడగట్టి వంట చేసికొని, మంచుపైననే పండుకొనిరి. కొండ దిగుటకు ఏడు దినములు పట్టెను. ఆ యేడు దినములలో పదిమందిలో ముగ్గురో నలుగురో చొప్పున వెంట వచ్చినవారు చనిపోయిరి. పశువులు అంతకంటె నెక్కువగా చచ్చెను. బ్రతికినవారితో హ్యూయన్ త్సాంగు ముందునకు సాగెను.

సమర్కందు, బాల్ఖు, బామియాను మీదుగా అతడు కపిశకు వచ్చెను. వర్షాకాలమున భిక్షువులు మూడు మాసములు ఒకేచోట నిలువవలెనని బౌద్ధసంఘ నియమము. దానికి లోబడి అతడు ఆ వర్షాకాలమును కపిశలోని విహారమున గడపి, గాంధారము చేరెను. కాశ్మీరమున రెండేండ్లు శాస్త్రములు చదివెను. పిదప గంగాతీరమునకు వచ్చెను.

అచ్చట జరిగిన యొక యుదంతమును అతని శిష్యుడు హుయి లీ జీవితచరిత్రమున వ్రాసియుంచెను. అయోధ్యనుండి ఎనుబదిమందితో పడవలో పోవుచుండగా, తీరమందలి అశోకవనమునుండి దొంగలు పది పడవలలో వచ్చి చుట్టుముట్టిరి. వారు దుర్గకు ఏటేట నరబలి నిచ్చువారు. అందమైన రూపముగల ఈ పరదేశిని చూచి, బలికి తగినవాడని నిర్ణయించి వేదిక సిద్ధపరచిరి. హ్యూయన్ త్సాంగు భయపడలేదు. కొంతసేపు ధ్యానించుకొననిండని మాత్రము కోరి, కన్నులు మూసికొనెను. తోడివారు గొల్లున నేడ్చిరి. ఇంతలో నలుదిక్కుల నుండియు సుడిగాలి లేచి చెట్లను విరిచెను, ఇసుక ఎగసెను, నదిలో అలలు లేచి పడవలను తలక్రిందు చేసెను. దొంగలు హడలిపోయి, ఆతడెవ్వరో తెలిసికొని, కాళ్లపై బడిరి. ధ్యానమందున్న యతనికి ఆ గాలివాన సంగతియే తెలియదట.

తుదకు అతడు నాలందా మహావిహారము చేరెను. అచ్చటి యాచార్యుడు శీలభద్రుడు మహావృద్ధుడు. హ్యూయన్ త్సాంగు ఆయనకు సాష్టాంగపడి శిష్యుడయ్యెను. ఏ గ్రంథము కొరకు ఇల్లు విడిచెనో ఆ యోగాచారభూమిశాస్త్రమును ఆ గురువు నోటనే వినెను. అచ్చట నయిదేండ్లు వ్యాకరణమును, తర్కమును, బ్రాహ్మణశాస్త్రములను కూడ అభ్యసించెను.

పిమ్మట దక్షిణదేశ యాత్ర చేయుచు, కళింగమును, కోసలమును దాటి మన ఆంధ్రదేశమునకు వచ్చెను. వేంగీపురమును చూచెను. ఇచ్చటి భూమి సారవంతమనియు, భాష మధ్యదేశపు భాషకంటె వేరనియు, లిపి మాత్రము చాలవరకు దానిని పోలియుండుననియు వ్రాసెను. అక్కడినుండి ధాన్యకటకమునకు పోయెను. అది నేటి అమరావతీ ధరణికోటల ప్రాంతమని పెక్కుమంది పండితుల యభిప్రాయము. ఆ నగరమునకు తూర్పు పడమరల నున్న పూర్వశైల, అపరశైల విహారములు అప్పటికే పాడువడియుండెను. అచ్చట కొన్ని నెలలు నిలిచి, ఇద్దరు భిక్షువులకడ అభిధర్మగ్రంథములు చదివి, వారికి తానెరిగిన శాస్త్రములను చెప్పెను. ఒక చేత నేర్చుకొని, మరియొక చేత నేర్పెను. అందుండి కాంచీపురము వరకు పోయి, పడమటి తీరము మీదుగా నాలందాకు మరలెను.

స్వదేశమునకు మరలవలెనని తలంపు కలిగినపుడు నాలందావాసులు పోవలదనిరి. తాను నేర్చినది తన దేశమువారికి చేర్పకున్న ఇంత శ్రమయు వ్యర్థమని అతడు వారిని ఒప్పించెను. కామరూప రాజు భాస్కరవర్మయు, హర్షచక్రవర్తియు అతనిని సన్మానించిరి. హర్షుడు కన్యాకుబ్జమున పండితసభ కూర్చి అతనిచే నుపన్యసింపజేసెను. ప్రయాగమున జరిగిన మహాదానోత్సవమునకు వెంటబెట్టుకొని పోయెను. తుదకు ఒక గొప్ప ఏనుగు నిచ్చి సాగనంపెను. ఏండ్ల తరబడి వ్రాయించి కూర్చిన గ్రంథములు గుఱ్ఱములపై బయలుదేరెను.

సింధునది యొడ్డునకు వచ్చిరి. నది మిక్కిలి వెడల్పు. హ్యూయన్ త్సాంగు ఏనుగుపై నది దాటుచుండెను. గ్రంథములను, దేశదేశముల పూలవిత్తనములను పడవకెత్తి, వానికి కావలిగా నొకనిని నియమించిరి. పడవ నడుమకు వచ్చునప్పటికి గాలి లేచి, అలలు చెలరేగెను. పడవ ఒరిగి మునుగబోయెను. కావలివాడు భయమున నీటబడగా తోడివారు అతికష్టముమీద పైకి లాగిరి. ప్రాణములు దక్కెను. కాని యేబది వ్రాతప్రతులును, విత్తనములును నది పాలయ్యెను.

ఎడారిలో నీరు పోయిన నాడు పోవలసినది తన ప్రాణమొక్కటే. నేడు పోయినది చైనాలో మరి ఎచ్చటను దొరకని విద్య. హ్యూయన్ త్సాంగు నదిని తిట్టుచు కూర్చుండలేదు; ఉన్నది చాలునని సాగిపోనులేదు. నదీతీరమందలి నగరమున ఏబది దినములకు పైగా నిలిచి, ఉద్యానదేశమునకు మనుష్యులను పంపి, పోయిన గ్రంథములలో కొన్నింటికి ప్రతులు వ్రాయించి తెప్పించుకొనెను.

తరువాతి దారియు సులభముగా గడువలేదు. పామీరు కొండలకు ఆవల దొంగలు పైబడగా బెదరి ఏనుగు నీటబడి చచ్చెను. అతనికి మాట యిచ్చుకొన్న కావోచాంగ్ రాజు 640లోనే మరణించెను. అతని రాజ్యము చైనా వశమయ్యెను. చెల్లింపవలసిన మాట యుండెను కాని, పుచ్చుకొనువాడు లేడు. హ్యూయన్ త్సాంగు దక్షిణపు దారిన ఖోటాన్ చేరి, అనుమతి లేక దేశము విడిచిన తప్పును మన్నింపుమని చక్రవర్తికి విన్నపము పంపెను. ఆ యెడమునందును ఊరకుండక, పోయిన గ్రంథముల కొరకు చుట్టుపట్ల దేశములకు మనుష్యులను పంపెను. చక్రవర్తి సంతోషించి రమ్మని జాబు వ్రాసెను.

645లో అతడు చాంగాన్ ప్రవేశించెను. వెంట నిరువది గుఱ్ఱములపై 657 గ్రంథములు వచ్చెను. దొంగవలె విడిచిన నగరమున జనము దారికి ఇరువైపుల నిలిచి స్వాగత మిచ్చిరి. చక్రవర్తి గొప్ప యుద్యోగ మిచ్చెదనన్నను అతడు స్వీకరింపక, అనువాదమునకు తగిన వసతి మాత్రము కోరెను. మరుసటియేడు తాను చూచిన దేశముల వృత్తాంతమును రచించి సమర్పించెను. గ్రంథములను అగ్నిబాధనుండి కాపాడుటకై 652లో ఒక గోపురము కట్టించెను. పలుమార్లు బాగుచేయబడి అది నేటికిని నిలిచియున్నది. పందొమ్మిదేండ్ల కాలములో అతడును, అతని సహాయులును 75 గ్రంథములను 1335 భాగములుగా చైనాభాషలోనికి మార్చిరి.

సింధునదిలో మునిగిన పొత్తములను మాత్రము అతడు మరువలేదు. కొన్నేండ్లు గడచిన పిమ్మట భారతదేశమునుండి పూర్వమిత్రులగు భిక్షువుల జాబు వచ్చెను. 654లో అతడు జ్ఞానప్రభుడను భిక్షువునకు ప్రత్యుత్తరము వ్రాయుచు, గురువగు శీలభద్రుని మరణమునకు దుఃఖము తెలిపి, అనువాదము ఎంతవరకు వచ్చినదో వివరించి, కడపట నది దాటునపుడు పోయిన గ్రంథముల పట్టికను చేర్చి, వీలు కలిగినపుడు పంపవలసినదిగా ప్రార్థించెను. కీర్తి, రాజగౌరవము, వందల కొలది గ్రంథములు చేతికందిన తరువాతను, పోయినవాని పేర్లు అతని మనసున నిలిచియే యుండెను.

664లో హ్యూయన్ త్సాంగు పరమపదించెను. పందొమ్మిదవ శతాబ్దమున అతని యాత్రాగ్రంథమును చేతబట్టుకొని, దూరములు లెక్కించుచు, కన్నింగుహాము మొదలగు పరిశోధకులు నాలందా మున్నగు మరుగుపడిన స్థలములను గుర్తించిరి. గ్రంథములను వెదకుచు మన దేశమునకు వచ్చినవాని గ్రంథమే మన పూర్వచరిత్రకు దారి చూపినది. నీరు ఇసుకపాలైనను, తోడివారు మంచుపాలైనను, పొత్తములు నదిపాలైనను, పూనిన పనిని విడువని వాని శ్రమ వ్యర్థము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి యక్కరలేదు.