ఇంటి దోషాన్ని ముందుగా సరిదిద్దిన కాపరి: బిషప్ అజరయ్య

బళ్లారి సరిహద్దు గ్రామాలలో క్రైస్తవ ఆరాధన రెండు శతాబ్దాలకు పైబడినది. లండన్ మిషనరీ సొసైటీ సేవకులు బళ్లారిలో అడుగుపెట్టినది 1810లో. ఆనాటి నుండి తెలుగు, కన్నడ భాషలు రెండింటిలోనూ ఈ ప్రాంతపు ఆలయాలలో ప్రార్థనలు సాగుతూనే ఉన్నాయి. నేడు ఈ సంఘాలలో అనేకం దక్షిణ ఇండియా సంఘం నీడన ఉన్నాయి. ఆ ఐక్య సంఘానికి పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తాగుడును తప్పుగా, అప్పును అవమానంగా, కులభేదాన్ని పాపంగా ఎంచని కాలంలో, ఆ మూడింటినీ ముఖాముఖిగా ఎదిరించిన మహనీయుడాయన. అయితే ఆ ఎదిరింపును పొరుగువారి ఇంటిలో గాక తన సొంత ఇంటిలో ఆరంభించడమే ఆయన ప్రత్యేకత.

బాల్యం, విద్య

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళదేశంలోని తిరునెల్వేలి ప్రాంతానికి చెందిన వెళ్లాలన్‌విలై గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ పల్లె సంఘానికి కాపరి. తల్లి ఎల్లెన్ భక్తిపరురాలు, క్రమశిక్షణ విషయంలో రాజీపడని ఇల్లాలు. బాలుడు మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఉన్నత విద్య అభ్యసించి, 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా సేవలో ప్రవేశించాడు. 1898లో అంబు మరియమ్మాళ్‌ను వివాహమాడాడు. పెళ్లి పేరిట తాహతుకు మించి అప్పులు చేయడం ఆచారమైన రోజులలో, కట్నం లేకుండా, అతి స్వల్ప వ్యయంతో ఆ వివాహం జరిగింది. తరువాతి కాలంలో పల్లె ప్రజలకు అప్పుల గురించి ఆయన చెప్పిన హితవుకు బలం చేకూర్చినది ఈ స్వీయాచరణమే.

ప్రథమంగా కలిగిన సిగ్గు

1902లో అజరయ్య సింహళదేశంలోని యాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనంతో, సొంత మనుషులతో సువార్త పరిచర్య నడుపుకొనడం కళ్లారా చూచారు. తరతరాలుగా విదేశీయుల సొమ్ముపై ఆధారపడిన తన తిరునెల్వేలి సంఘం గుర్తుకు వచ్చి ఆయన సిగ్గుపడ్డారు. ఆ సిగ్గు నుండి పుట్టినదే 1903లో స్థాపితమైన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ. ఆ సంస్థ తన సేవారంగంగా ఎన్నుకొన్నది నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతమైన డోర్నకల్లు. 1905 డిసెంబరు 25న శ్రీరాంపురంలో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడు కూడా అజరయ్య ముఖ్యపాత్ర వహించారు.

ఇతరులను పంపి తాను పట్టణంలో సుఖంగా ఉండడం ఆయన మనస్సాక్షికి సమ్మతం కాలేదు. 1909లో గురువుగా అభిషిక్తులై, ముప్పై ఐదేళ్ల వయసులో, కుటుంబంతో సహా డోర్నకల్లు చేరుకొన్నారు. పరాయి భాష అయిన తెలుగును ఓనమాల నుండి నేర్చుకొన్నారు.

దొరల ఎదుట నిలబడిన ధైర్యం

1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చిన ప్రతినిధులలో అత్యధికులు పాశ్చాత్యులే. ఆ సభలో మాట్లాడే అవకాశం లభించినప్పుడు అజరయ్య పొగడ్తలతో సరిపుచ్చలేదు. భారతదేశంలోని మిషనరీలు దేశీయ సేవకులను తమతో సమానులుగా చూడడం లేదని, దానధర్మాలకు చూపే ఉదారత స్నేహానికి చూపడం లేదని నిర్మొహమాటంగా తెలియజేశారు. తమకు కావలసినది యజమానులు కాదు, మిత్రులని విన్నవించారు. సభికులలో కొందరు నొచ్చుకొన్నారు. మరికొందరు తలవంచుకొన్నారు. తెల్లదొరల పాలన నిరాటంకంగా సాగుతున్న దినాలలో పలికిన పలుకులవి. పాలకుల లోపాన్ని పాలితుడు ఎత్తిచూపితే ఏమి జరుగునో ఆయన ఎరుగనిది కాదు.

అయినను రెండేళ్లకే, 1912 డిసెంబరు 29న, కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవిని అలంకరించిన ప్రథమ భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఈ నియామకానికి అండగా నిలిచారు. భారతీయుడు ఆ పీఠానికి తగడని వాదించినవారికి అజరయ్య ముప్పై రెండేళ్ల సేవయే సమాధానమైనది.

నాలుగు భూతాలు

డోర్నకల్లు చుట్టుపట్ల క్రీస్తును నమ్మినవారిలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. తరతరాల వెట్టిచాకిరి, ఆకలి, అవమానం వారి నడుము విరిచాయి. పగలంతా దొరల పొలాలలో ఒళ్లు విరుచుకొని, సాయంకాలం కూలిడబ్బు కల్లుపాకలో ధారపోయడం, పెళ్లికీ చావుకూ షావుకారు వద్ద అప్పుచేసి బిడ్డలను జీతానికి కుదర్చడం నాటి పల్లెల నిత్యకృత్యం. తాగి తూలడాన్ని ఎవరూ వింతగా చూచేవారు కారు.

అజరయ్య ఎడ్లబండిపై ఊరూరా తిరిగి, గుడారాలలో బసచేసి, ఈ జనుల మధ్య కూర్చుండి బోధించారు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనేవి పల్లెను పట్టిన నాలుగు భూతాలని ఆయన బోధ. పేదవాని పేదరికానికి జాలిపడుతూనే, అతని తాగుడును మాత్రం క్షమించి ఊరుకోలేదు. పీడితుడు గనుక అతనికి పాపం అంటదని అనుకొనడం కూడా అతనిని మనిషిగా గౌరవించకపోవడమేనని ఆయన నడవడి చాటింది. దేవుని ఎదుట జవాబుదారీ వహించగలవాడే దొర ఎదుట తల ఎత్తి నిలబడగలడు.

అన్నింటికంటె కఠినమైన పోరు కులంతో జరిగింది. మాలలకూ మాదిగలకూ మధ్య తరాల నాటి వైరం. ఒకరి బావి వద్దకు ఒకరు పోరు, ఒకరి ఇంట మరొకరు భుజించరు. క్రైస్తవులైన తరువాత కూడా ఆ పట్టింపు వదలలేదు. ప్రభువు బల్ల వద్ద ఒకే గిన్నెలో నుండి ఇరువురూ పాలుపొందాలని అజరయ్య పట్టుపట్టారు. ఈ విషయంలో మినహాయింపులు ఇచ్చియుంటే సంఘాల సంఖ్య మరింత వేగంగా పెరిగియుండేదేమో. కాని కులాన్ని ఆలయ ద్వారం బయట విడువని సంఘం క్రీస్తు సంఘం కాజాలదని ఆయన నిశ్చయం.

భర్తకు తోడుగా అంబు అమ్మగారు పల్లె స్త్రీల మధ్య అంతటి శ్రమనే వహించారు. శుభ్రత, శిశుపోషణ, బాలికల చదువు ఆమె సేవారంగాలు.

ప్రతివాడూ సాక్షి

పాపాన్ని ఖండించే బాధ్యత బిషప్‌కో, బోధకునికో మాత్రమే చెందినదని అజరయ్య తలంచలేదు. బాప్తిస్మం పొందువారి చేతులను వారి తలలపై పెట్టించి, సువార్త ప్రకటింపకపోతే తమకు శ్రమయని వారిచేతనే పలికించేవారు. ఏటేటా సాక్ష్య వారం పేరిట సామాన్య కూలీలు, స్త్రీలు సైతం పొరుగూళ్లకు వెళ్లి తమ బ్రతుకులు మారిన వైనాన్ని వివరించేవారు. నిన్నటి తాగుబోతు నేడు శుభ్రమైన బట్టలతో, అప్పు లేకుండా, బిడ్డలను బడికి పంపుతూ కనబడితే అంతకు మించిన ప్రసంగం ఏముంటుంది? ఈ మార్పును చూచిన పైకులాల రైతులు కూడా కొందరు సంఘంలో చేరారు. క్రమంగా నంద్యాల ప్రాంతం సైతం డోర్నకల్లు అధ్యక్ష మండలంలో కలిసింది. ఆయన జీవితాంతానికి మండలంలోని విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

సంఘంలోని చీలికలు

లోకపు పాపాన్ని ఖండిస్తూ సంఘం తన పాపాన్ని దాచుకొనడం అజరయ్యకు రుచించలేదు. ఒకే క్రీస్తును నమ్మినవారు ఐరోపా నుండి దిగుమతి అయిన మిషన్ పేర్లతో ముక్కలై ఉండడం ఆయనకు పెద్ద బాధ. 1919లో తరంగంబాడిలో వివిధ సంఘాల కాపరులతో కలిసి ఐక్యతా ప్రకటన చేశారు. బళ్లారి ప్రాంతపు లండన్ మిషన్ సంఘాల వంటివి చేరిన దక్షిణ భారత ఐక్య సంఘం ఆ ప్రయత్నంలో ఒక ప్రధాన పక్షం. 1927లో స్విట్జర్లండులోని లోజాన్ మహాసభలో, ఇతర దేశాలలో చీలిక ఒక బలహీనత కావచ్చును గాని భారతదేశంలో అది పాపమని స్పష్టంచేశారు.

రాజకీయాలలోనూ ఆయనది ఒంటరి బాటయే. 1932 నాటి ప్రత్యేక నియోజకవర్గాలు క్రైస్తవులకు లాభమని ఎందరో తలంచగా, సంఘం ఒక కులంగా, ఒక పక్షంగా మారిపోతుందని ఆయన వ్యతిరేకించారు. మతమార్పిడిని విమర్శించిన గాంధీజీతోనూ విభేదించారు. తన విశ్వాసాన్ని ఎన్నుకొనే స్వేచ్ఛ అందరికన్న ముందుగా పేదవానికి ఉండాలన్నది ఆయన పక్షం.

మిగిలిన జ్ఞాపకం

1939 జనవరి 6న డోర్నకల్లులో ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠితమైంది. గుమ్మటాలు, స్తంభాలు, తామరరేకుల చెక్కడాలతో మన దేశపు శిల్పరీతులు కలగలిసిన ఆ ఆలయం నేటికీ చూపరులను ఆకర్షిస్తున్నది. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్లులోనే ప్రభువునందు నిద్రించారు. ఆయన కలలుగన్న దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న అవతరించింది. దానిని చూచే భాగ్యం ఆయనకు కలుగలేదు.

నేటికీ పల్లెలలో సారా, కట్నం, అప్పు, కులపట్టింపు అంతరించలేదు. వాటిని చూచి తల తిప్పుకొనడం సులభం. ఎదుటివారిని దూషించడం అంతకన్న సులభం. అజరయ్య ఈ రెండు దారులనూ విడిచారు. తన పెళ్లిని, తన సంఘాన్ని, తన మిషన్ పెద్దలను ముందుగా సరిదిద్దబూని, తరువాతనే పల్లెవాని చేతిలోని కల్లుముంతను దింపమన్నారు. అందుచేతనే ఆ పల్లెవాడు ఆయన మాట విన్నాడు.