పలకమీద ఆరు చుక్కలు
ధ్యానభాగము: మార్కు 10:46-52

మార్కాపురపు పలకమీద అక్షరములు దిద్దుకొన్నవారు మనలో అనేకులు. అయితే చూపులేని బిడ్డ దేనిమీద దిద్దును? ఇందుకు మార్గము కనుగొన్నవాడు ఒక తోలుపనివాని కుమారుడు. అతని జీవితమును ఈ నెల పాఠకులకు వినిపింపగోరుచున్నాము.

లూయీ బ్రెయిలీ 1809 జనవరి 4న ఫ్రాన్సు దేశమందలి కూవ్రే గ్రామములో జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల ప్రాయమున లూయీ తోలు పొడుచు ఆరెతో ఆడుకొనుచుండగా అది కంటికి గ్రుచ్చుకొనెను. ఆ పుండు రెండవ కంటికిని సోకి, అయిదేండ్ల ప్రాయమునకు చూపు పూర్తిగా పోయెను. తలిదండ్రులు అతనిని మూల కూర్చుండబెట్టలేదు. తండ్రి చెక్కమీద మేకులు కొట్టి, వ్రేళ్లతో తడిమి అక్షరములు నేర్చుకొనునట్లు చేసెను. ఊరి బడికిని పంపెను.

1819లో లూయీ పారిస్‌లోని అంధుల పాఠశాలలో చేరెను. అక్కడి పుస్తకములలో మామూలు అక్షరములే ఉబ్బెత్తుగా నుండెను. చదువుట కష్టము, స్వయముగా వ్రాయుట మరింత కష్టము. పూర్వము సైన్యములో పనిచేసిన బార్బియే కల్పించిన 12 చుక్కల పద్ధతిని లూయీ తెలిసికొని, ఒక్క వ్రేలికొన క్రింద ఇముడునట్లు 6 చుక్కలకు తగ్గించెను. అది 1824వ సంవత్సరము, అతనికి 15 ఏండ్లు. చూపు పోగొట్టిన ఆరెవంటి మొనగల పనిముట్టే అతనికి కలమాయెను.

తరువాత అతడు అక్కడనే ఉపాధ్యాయుడాయెను. 1840లో వచ్చిన క్రొత్త అధ్యక్షుడు ఈ లిపిని నిలుపుచేసినను, విద్యార్థులు చాటుగా వాడుచునేయుండిరి. 1852 జనవరి 6న లూయీ క్షయవ్యాధితో మరణించెను. లిపిని అధికారముగా స్వీకరించినది 1854లో. మన దేశభాషలకు 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడగా, తెలుగును ఆ చుక్కలలోనికి వచ్చెను.

బర్తిమయిని జనులు ఊరకుండుమని గద్దించిరి. ప్రభువైతే నిలిచి, అతనికేమి కావలెనో అతనినే అడిగెను. సువార్తలో అతని పేరును నిలిచియున్నది. మన ఊళ్లలోనో, గ్రుడ్డి, కుంటి, మూగ అను మాటలే బిడ్డకు పేరగుచున్నవి. కాగితములలో ఇప్పుడు దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అను మాటలున్నవి. అవి మంచివే. అయినను చేతికి పుస్తకమియ్యక మాటమాత్రము మార్చినయెడల బిడ్డకేమి లాభము? 2016 చట్టము ప్రకారము, 40 శాతము లేక అంతకుమించిన వైకల్యముగల బిడ్డకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. సమీప పాఠశాలయైనను, ప్రత్యేక పాఠశాలయైనను కోరుకొనవచ్చును. పుస్తకములును పరికరములును ఉచితముగా ఇయ్యవలెను.

కాబట్టి అట్టి బిడ్డను పేరుపెట్టి పిలుతము, ఏమి కావలెనో అడుగుదము, తలిదండ్రులతోకూడ బడికి నడుతము. ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయునుగాక.