డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు

సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పేద ఇంట పుట్టారు. ఇద్దరు సోదరులు స్ప్రూ జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. వారు మద్రాసులో వైద్యం చదివి, 1922లో అమెరికా వెళ్ళి, 1940లో లెడర్లే కంపెనీలో చేరారు.

1945లో వారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూకి మందయింది. ఆ ఆమ్లం పని చేయకుండా అడ్డే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడే తయారయ్యాయి. వాటిని మొదట రక్తక్యాన్సర్‌కు వాడారు. 1948లో సుబ్బారావు గారు కన్నుమూశారు. 1951లో అమినోప్టెరిన్‌తో సోరియాసిస్ పొలుసులు తగ్గడం వైద్యులు గమనించారు. నేడు ముదిరిన సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ ఇస్తున్నారు.

మన ఎచ్చెర్ల వాళ్ళం ఒకటి గుర్తుంచుకుందాం. సోరియాసిస్ అంటువ్యాధి కాదు, ఆ మనిషిని దూరం పెట్టకూడదు. తామర ఫంగస్ వల్ల వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. దానికి ఫంగస్‌ను చంపే మందే కావాలి. స్టిరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంటు రాస్తే దురద అణుగుతుంది గానీ తామర ఇంకా పాకుతుంది.

సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. గర్భిణులు అసలు వాడకూడదు. దాని బాధలు తగ్గడానికి డాక్టర్లు మరో రోజున ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. సుబ్బారావు గారి కృషి ఫలించిన ఆ రెండు మందుల్నీ డాక్టర్ చెప్పినట్టే వాడుకుందాం.