వైలీ పోస్టు

పట్టుదల గలవానికి అంగవైకల్యము అడ్డుగోడ కాజాలదు. ఒంటికన్నుతో భూగోళమును చుట్టివచ్చిన వైలీ పోస్టు చరిత్రము ఇందుకు తార్కాణము.

పోస్టు 1898వ సంవత్సరము నవంబరు 22వ తేదీన అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఒక రైతు కుటుంబమున జన్మించెను. బడిచదువు అతనికి రుచింపలేదు. యంత్రములనిన మాత్రము ప్రాణము. 1913లో ఒక తిరునాళ్ళలో విమానమును చూచెను. అది మొదలు అతని మనస్సు ఆకాశముననే నిలిచెను.

1926లో నూనెబావి యొద్ద పనిచేయుచుండగా ఒక ఇనుపముక్క ఎగిరివచ్చి అతని ఎడమకంట తగిలెను. ఆ కన్ను తీసివేయవలసివచ్చెను. ఒంటికంటితో దూరమును నిర్ణయించుట కష్టము; దూరమెరుగనివాడు విమానమును నేలకు దింపలేడు. ఐనను పోస్టు అధైర్యపడలేదు. నడచుచు, ఎదుటి చెట్టు ఎంత దూరముననున్నదో ఊహించి, పిదప అడుగులతో కొలిచి సరిచూచుకొనెడివాడు. ఇట్లు కంటికి శిక్షణమిచ్చి, నష్టపరిహారముగా వచ్చిన సొమ్ముతో ఒక పాత విమానమును కొనెను.

1931లో హెరాల్డు గాటీ అను మార్గదర్శకునితో కలసి 'విన్నీ మే' అను విమానమున 8 దినముల 15 గంటల 51 నిమిషములలో భూప్రదక్షిణము చేసెను. ఆ యశము గాటీదేయని కొందరు తలచిరి. పోస్టు వాదములకు దిగక, 1933 జూలై 15వ తేదీన న్యూయార్కునుండి ఒంటరిగా బయలుదేరెను. నిద్ర ముంచుకొనివచ్చుచుండెను. అలాస్కాలో విమానము ముందునకు ఒరిగి పంకా వంగిపోయెను. దానిని బాగుచేయించుకొని, మొత్తము 7 దినముల 18 గంటల 49 నిమిషములలో తిరిగివచ్చెను. ఒంటరిగా విమానమున భూమిని చుట్టివచ్చినవారిలో అతడే ప్రథముడు.

భూమధ్యరేఖకడ భూమి చుట్టుకొలత సుమారు 25,000 మైళ్ళు. పోస్టు పయనించినది సుమారు 15,600 మైళ్ళు మాత్రమే. భూమి గుండ్రముగా నుండుటచే ఉత్తరమునకు పోయినకొలది చుట్టు తగ్గును. ఎత్తునకు పోయినచో చుట్టు పెరుగును. కాని ఆ పెరుగుదల స్వల్పము. 50,000 అడుగుల ఎత్తున భూమిని పూర్తిగా చుట్టినను అదనముగా పోవలసినది సుమారు 60 మైళ్ళే. అనగా నాలుగువందల మైళ్ళకు ఒక మైలు మాత్రమే. అచట గాలి పలుచన. విమానమునకు ఎదురొత్తిడి తక్కువ. పడమటినుండి తూర్పునకు మహావేగముగా వీచు వాయుప్రవాహములును ఆ ఎత్తులలో నుండును. కావున దారి కొంచెము పెరిగినను కాలము మిక్కిలి కలసివచ్చునని పోస్టు గ్రహించెను.

కాని ఆ పలుచని గాలిలో మనుష్యుడు బ్రతుకజాలడు. 50,000 అడుగుల ఎత్తున వాయుపీడనము నేలమీదిదానిలో తొమ్మిదవ వంతు మాత్రమే. కొయ్యతో చేసిన 'విన్నీ మే' లోపల గాలిని బిగించి నిలుపలేదు. కావున పోస్టు గాలి నింపదగిన రబ్బరు ఉడుపును చేయించెను. మొదటి ఉడుపు పరీక్షలో పగిలెను. రెండవదానిలో అతడు చిక్కుకొనగా దానిని కోసి అతనిని వెలికి తీయవలసివచ్చెను. మూడవది ఫలించెను. దానిని ధరించి 1934లో 40,000 అడుగులకు పైగా ఎగిరెను.

1935 మార్చి 15వ తేదీన బర్బ్యాంకునుండి తూర్పుగా బయలుదేరి, ప్రాణవాయువు చాలక క్లీవ్‌లాండులో దిగెను. గమ్యమైన న్యూయార్కు చేరకున్నను 2,035 మైళ్ళను 7 గంటల 19 నిమిషములలో దాటెను. ఎత్తువలన దారి ఐదు మైళ్ళైనను పెరుగలేదు. వేగము గంటకు 275 మైళ్ళను మించెను.

అదే సంవత్సరము ఆగస్టు 15వ తేదీన అలాస్కాలో వేరొక విమానము కూలి పోస్టును, హాస్యరచయిత విల్ రోజర్సును మరణించిరి. అప్పటికి పోస్టు వయస్సు ముప్పదియారేండ్లే. నేడు వేలాది ప్రయాణికులు ఆ ఎత్తులలో సుఖముగా పయనించుచున్నారు. వ్యోమగాముల ఉడుపులకు అతని రబ్బరు ఉడుపు పూర్వరూపమయ్యెను. ఒక కన్ను పోయిననేమి? అతని చూపు ఇతరులకు అందని దూరమును చూచినది.