సాగరగర్భమున దీపము

నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు ప్రాంతమునందలి కోడూరు తీరమున నిలిచి తూర్పుదిక్కు చూచినచో, కనుచూపు మేర బంగాళాఖాతమే కానవచ్చును. వేకువజామున జాలరులు పడవలనెక్కి అలలను దాటి పోవుదురు. వలలనిండ చేపలతో మరలి వత్తురు. ఆ చేపలు నీటి అడుగున ఎట్లు మెలగునో, అచటి నేల ఏ రీతిగా నుండునో ఒడ్డుననున్నవారికి తెలియదు. వరదల కాలమున పెన్నానది తెచ్చు ఒండ్రు కలిసి నీరు కలకబారినప్పుడు, మునిగి చూచినవానికైనను బారెడు దూరము స్పష్టముగా కనబడదు.

భూతలమున మూడింట రెండు వంతులకు మించిన భాగమును కప్పియున్న సముద్రము, చిరకాలము మానవుని దృష్టికి ఇట్లే మరుగుపడి యుండెను. ఆ తెరను కొంత తొలగించి, కడలి అడుగును అందరి కన్నులయెదుట నిలిపిన వారిలో అగ్రగణ్యుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ బుటాన్.

బుటాన్ 1859వ సంవత్సరమున వెర్సేల్సు పట్టణమున జన్మించెను. పారిస్ విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్రము నభ్యసించెను. 1880లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున గొప్ప అంతర్జాతీయ ప్రదర్శనము జరిగెను. దానికి వెళ్ళిన ఫ్రెంచివారితో కూడ యువకుడైన బుటాన్ కూడ ప్రయాణమయ్యెను. ఆ దూరదేశమున సుమారు ఏడాదిన్నర కాలము సంచరించి, అచటి వింత జంతువులను పరిశీలించెను. చూచినదానిని శ్రద్ధతో గుర్తించుట, గుర్తించినదానిని ఇతరులకు నిరూపించి చూపుట అతనికి అలవాటయ్యెను.

స్వదేశమునకు వచ్చిన పిమ్మట అతడు సముద్రజీవుల పరిశోధనకు పూనుకొనెను. ఫ్రాన్సు దేశపు దక్షిణపు కొనయందు, మధ్యధరా సముద్రతీరమున బాన్యుల్స్ అను చిన్న రేవు కలదు. లకాజ్ దుతియే అను ప్రసిద్ధ జంతుశాస్త్రజ్ఞుడు అచట అరాగో ప్రయోగశాలను స్థాపించియుండెను. బుటాన్ ఆ ప్రయోగశాలలో చేరి, గజ ఈతగాండ్రు ధరించు కవచమును తొడిగికొని నీట దిగుట నేర్చెను.

ఆనాటి కవచము నేటివలె తేలికైనది కాదు. తలపై లోహపు శిరస్త్రాణము, కాళ్ళకు సీసపు అడుగులు గల బరువైన పాదరక్షలు. పైన పడవలోనివారు పంపుతో కొట్టు గాలియే లోనివానికి ఊపిరి. ఆ గొట్టము తెగినను, పంపు నిలిచినను ప్రాణమునకే ముప్పు. అట్టి దుస్తులతో బుటాన్ పెక్కుసార్లు కడలి అడుగున నడచెను. ఊగుచున్న నాచు పొదలు, రాళ్ళ నంటుకొని యున్న జీవులు, గుంపులుగా తిరుగాడు చేపలు అతనిని మంత్రముగ్ధుని గావించెను.

కాని పైకి వచ్చినంతనే ఒక చిక్కు ఎదురయ్యెడిది. తాను కాంచినదానిని లోకమునకు ఎట్లు చూపుట? వలలో పైకి తెచ్చిన జీవి తన సహజస్థితిని కోల్పోవును. జ్ఞాపకము నుండి గీసిన బొమ్మలో గీసినవాని ఊహయు కలియును. శాస్త్రమునకు కావలసినది నమ్మదగిన సాక్ష్యము. అట్టి సాక్ష్యము ఛాయాచిత్రమే యని బుటాన్ నిశ్చయించెను.

ఈ యత్నము అతనికి పూర్వమును జరుగకపోలేదు. 1856లో ఇంగ్లండున విలియం థామ్సన్ అనునతడు కెమేరాను ఒక పెట్టెలో ఉంచి సముద్రములోనికి దించెను. పెట్టెలోనికి నీరు చొరబడగా, మసకబారిన చిత్రము మాత్రమే లభించెను. తాను పడవలోనే యుండి యంత్రమును మాత్రము దించెను. బుటాన్ అట్లుగాక, కెమేరాతో కూడ తానును దిగదలచెను.

అతని సోదరుడు ఆగస్త్ యంత్రనిర్మాణమున నిపుణుడు. నీరు చొరని లోహపు పెట్టెను అతడు రూపొందించెను. ప్రయోగశాలలోని పనివాడు జోసెఫ్ డేవిడ్ దాని నిర్మాణమున తోడ్పడెను. లోతునకు పోయినకొలది నీటి ఒత్తిడి హెచ్చి పెట్టెను నొక్కును గనుక, గాలితో నిండిన రబ్బరు తిత్తిని దానికి జోడించిరి. నీరు తిత్తిని నొక్కగా అందలి గాలి పెట్టెలోనికి పోయి, లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడికి సమానము చేసెడిది. 1893లో ఈ పరికరముతో బుటాన్ బాన్యుల్స్ నీటిలో చిత్రములు తీయుట మొదలిడెను.

చిత్రములు వచ్చినవి; కాని వెలుతురు చాలకుండెను. నీరు వెలుగును మ్రింగివేయును. సూర్యకాంతిలోని ఎరుపు కొద్ది మీటర్ల లోతులోనే చాలవరకు అణగిపోవును. ఆ పిమ్మట అంతయు నీలిమయమై తోచును. అందుచే ఒక్క చిత్రమునకే ఒక్కొక్కప్పుడు అరగంట వరకు గాజుపలకపై వెలుగు పడనీయవలసి వచ్చెడిది. అంతసేపు కదలక నిలుచునవి రాళ్ళే కాని చేపలు కావు. ప్రాణముగల సముద్రమును చూపదలచినవానికి ప్రాణములేని దృశ్యములే దక్కెను.

సూర్యుని వెలుగు చాలనిచో మనమే వెలుగును వెంట తీసికొనిపోవలెనని బుటాన్ తలంచెను. షోఫూర్ అను ఇంజనీరు ఒక ఉపాయము చెప్పెను. ప్రాణవాయువు నింపిన గాజుబుడ్డిలో మెగ్నీషియము తీగచుట్ట నుంచి, విద్యుత్తుతో దానిని మండించుటయే ఆ ఉపాయము. మెగ్నీషియము కన్నులు మిరుమిట్లు గొలుపు తెల్లని కాంతితో మండును. కాని తీగ ఒకే తీరున మండదయ్యెను. బుడ్డి ఒక్కొక్కసారి ప్రేలిపోయెడిది. నీటి అడుగున పగిలిన గాజు ఎంత అపాయకరమో వేరుగ చెప్పనక్కరలేదు.

బుటాన్ నిరుత్సాహపడక మరియొక మార్గమును వెదకెను. రెండువందల లీటర్ల పీపాను ప్రాణవాయువు అధికముగా గల గాలితో నింపి, దానిపై స్పిరిటు దీపమును నిలిపి, గంట ఆకారము గల గాజుమూతతో కప్పిరి. రబ్బరు బుడ్డను నొక్కినచో మెగ్నీషియపు పొడి దీపజ్వాలపైకి చిమ్మబడి తటాలున మెరయును. కెమేరా ఒకచోట, దీపము వేరొకచోట. రెండును ఒకే క్షణమున పనిచేయవలెను. అట్టి బరువైన పీపాను సముద్రములోనికి దించి నిలుపుట పలువురి శ్రమచేతనే సాధ్యమయ్యెను. ఆ మెరుపు వెలుగున క్షణకాలపు చిత్రములు లభించెను. ఈదుచున్న చేపలును ఛాయాచిత్రమున నిలిచెను.

1899లో బుటాన్ ఇంకను ముందడుగు వేసెను. బ్యాటరీల విద్యుత్తుతో వెలుగు దీపములను నీటిలోనికి దించి, సుమారు 50 మీటర్ల లోతున చిత్రములు తీయగలిగెను. సూర్యరశ్మితో పనిలేకుండ, రాత్రివేళ సైతము సముద్రపు అడుగును చూపవచ్చునని రుజువయ్యెను. ఆ సంవత్సరముననే రుమేనియా దేశపు జీవశాస్త్రజ్ఞుడు ఎమిల్ రకోవిట్సా ఈతగాని కవచముతో నీటి అడుగున నిలిచియుండగా బుటాన్ తీసిన చిత్రము మిక్కిలి ప్రసిద్ధి గాంచెను. 1900లో తన ప్రయోగములను, అందలి జయాపజయములను వివరించుచు అతడు ఒక గ్రంథమును ప్రకటించెను. ప్రేలిన బుడ్డిని గూర్చియు, చెడిన పలకను గూర్చియు తరువాతివారు తెలిసికొనగలిగిరి.

పిమ్మట బుటాన్ కొంతకాలము ఇండోచైనాలో శాస్త్రపరిశోధన సాగించెను. ముత్యములను గూర్చి ప్రత్యేకముగా అధ్యయనము చేసి గ్రంథము రచించెను. బోర్డో నగరమునను, తరువాత అల్జీరియాలోను ఆచార్యుడుగా పనిచేసి, 1934లో అల్జీరియాలోనే కన్నుమూసెను.

అతడు వెలిగించిన దీపము ఆరిపోలేదు. 1926లో అమెరికాలో విలియం లాంగ్లీ, చార్లెస్ మార్టిన్ అను ఇరువురు, తెప్పపై మెగ్నీషియపు పొడిని మండించి నీటి అడుగున రంగుల చిత్రములు తీసిరి. 1930 తరువాత హెరాల్డ్ ఎడ్జర్టన్ అను ఆచార్యుడు విద్యుత్తుతో రెప్పపాటుకంటె తక్కువ కాలము మెరయు దీపమును అభివృద్ధి చేసి, తదుపరి దానిని సముద్రపు లోతులకును కొనిపోయెను.

నేడు అరచేతిలో ఇముడు కెమేరాను నీరు చొరని పెట్టెలో ఉంచి, ప్రక్కన ఒక కడ్డీకి మెరుపుదీపమును తగిలించి ఈతగాండ్రు మునుగుచున్నారు. కెమేరాలోని చిన్నదీపము మెరసినంతనే, ఆ వెలుగు సన్నని కాంతితీగ ద్వారా పోయి పెద్దదీపమును మేల్కొలుపును. దీపమును కెమేరాకు ఆనించియుంచక ప్రక్కకు జరుపుటకు కారణము కలదు. కటకమునకు దగ్గరగా వెలుగు పడినచో నీటిలో తేలియాడు నలుసులన్నియు మెరసి, చిత్రము మంచు కురిసినట్లు చెడిపోవును. ప్రక్కనుండి పడిన వెలుగు చేపను చూపును. నలుసులను చాలవరకు చీకటిలోనే ఉంచును. ఎరుపు మొదలగు రంగులును తిరిగి కానవచ్చును.

నాడు పీపా, నేడు పిడికెడు దీపము. పరికరము మారినది; తత్త్వము మారలేదు. చీకటిని నిందించుచు ఒడ్డున కూర్చుండక, దీపముతో లోనికి దిగుటయే ఆ తత్త్వము. బుటాన్ ఒంటరిగా దానిని సాధింపలేదు. పెట్టెను రూపొందించిన సోదరుడు, నిర్మాణమున తోడ్పడిన పనివాడు, పడవలో పంపు కొట్టుచు అతని ఊపిరిని కాపాడిన వారు, అందరును ఆ విజయమున పాలుగలవారే. కోడూరు తీరమున నిలిచి అలలను చూచు బాలబాలికలు ఈ సంగతిని గుర్తుంచుకొనినచో, ఆ కలకనీటి అడుగున ఇంకను చూడవలసినది, చూపవలసినది ఎంతో కలదని గ్రహింతురు.