రక్తం ఎందుకు తగ్గిందో వెతికిన సుబ్బారావు

రిపోర్టులో హిమోగ్లోబిన్ 8 అని కనబడితే మీరేం చేస్తారు? చాలామంది మెడికల్ షాపుకెళ్లి బలం మాత్రలు తెచ్చుకుంటారు. కౌకూర్, షామీర్‌పేట వైపు నుంచి ప్రభుత్వాసుపత్రికి వచ్చే కిడ్నీ రోగుల్లోనూ ఈ అలవాటుంది. అలాంటివారికి నేను యల్లాప్రగడ సుబ్బారావు కథ చెబుతుంటాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పేదరికంలో పెరిగారు. అన్న పురుషోత్తం స్ప్రూ వ్యాధితో చనిపోయారు. పేగులు పోషకాలను పీల్చుకోలేక, రక్తం తగ్గి మనిషి చిక్కిపోయే జబ్బది. సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టి 1925లో ప్రచురించారు. కిడ్నీ రోగులకు నేటికీ తప్పనిసరిగా చేసే ఫాస్ఫరస్ పరీక్షకు వేసిన పునాదుల్లో అదొకటి.

1940లో లెడర్లీ సంస్థలో చేరారు. రక్తహీనతను తగ్గించే పదార్థం కాలేయంలో ఏముందో వెతికారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేసింది. అన్నను బలిగొన్న స్ప్రూకు అది మందైంది. కానీ పెర్నీషియస్ అనీమియా రోగుల్లో రక్తం పెరిగినా నరాల జబ్బు ఆగలేదు. వారికి కావలసింది బి12. అది వెలుగులోకి వచ్చిన 1948లోనే, ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు కన్నుమూశారు.

ఈ కథలో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. రక్తహీనతలన్నీ ఒకటి కావు, మందూ ఒకటి కాదు. కిడ్నీలు దెబ్బతింటే రక్తకణాల తయారీకి కావలసిన ఎరిత్రోపాయిటిన్ హార్మోన్ తగ్గుతుంది. దాన్ని ఇంజెక్షన్‌గా ఇవ్వడం 1989 నుంచి సాధ్యమైంది. అయితే ఒంట్లో ఐరన్ లేకపోతే ఆ ఇంజెక్షన్ కూడా సరిగా పనిచేయదు. కిడ్నీ జబ్బులో మాత్రల ఐరన్ పేగుల్లోంచి సరిగా ఒంటపట్టదు కాబట్టి, కొందరికి సెలైన్ ద్వారా ఎక్కించాల్సి వస్తుంది. అవసరం లేనివారికి ఎక్కువైతే హాని.

నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రోజంతా నీరసం, మనవడితో ఆడుకునే ఓపిక లేకపోవడం... కిడ్నీ జబ్బంటే ఇంతేలే అని సర్దుకుపోకండి. ఐరన్ లోపమే కారణమైతే సరిచేయవచ్చు. మాత్ర మింగేముందు ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ పరీక్షల గురించి మీ డాక్టర్‌ను అడగండి. రక్తం ఎంత ఉందో తెలుసుకుంటే చాలదు, ఎందుకు తగ్గిందో కూడా తెలుసుకోండి. సుబ్బారావు జీవితమంతా వెతికింది అదే.